వరిగడ్డిలో పుట్టే ఆహారం: శుద్ధిని గురించి ఒక విచారణ

ఆహారశుద్ధిని గురించిన చర్చ భారతీయ దర్శనాలలో వంటింటి ఆచారంతో మొదలై మోక్షసాధన దాకా సాగుతుంది. రామానుజాచార్యులు శ్రీభాష్యం ప్రారంభంలో, వాక్యకారుడని పేర్కొనే ప్రాచీన ఆచార్యుడు చెప్పిన ఏడు సాధనాలను వివరిస్తూ, వాటిలో మొదటిదైన వివేకాన్ని అన్నంతోనే ముడిపెట్టి, మూడు విధాల దోషాలు లేని అన్నం వల్ల దేహానికి కలిగే శుద్ధినే వివేకమని నిరూపించారు. ఆ మూడింటిలో జాతిదోషమంటే పదార్థం స్వభావంలోనే ఉన్న దోషం. ఆశ్రయదోషమంటే ఆ అన్నం ఎవరిదో, ఎవరి చేతి మీదుగా వచ్చిందో దాన్నిబట్టి సంక్రమించే దోషం. నిమిత్తదోషమంటే వెంట్రుక, ఎంగిలి వంటివి తగలడం వల్ల ఏర్పడే దోషం. మూడోదాన్ని జాగ్రత్తతో నివారించవచ్చు, రెండోదాన్ని మనుషుల ఎంపికతో తప్పించుకోవచ్చు, మొదటిదానికి మాత్రం విసర్జించడమే గతి. ధర్మశాస్త్రాలు పుట్టగొడుగును ఉల్లి, వెల్లుల్లి పక్కన నిలబెట్టి ఈ మొదటి కోవలోనే చేర్చాయి. కృష్ణా డెల్టాలో వరిగడ్డిని ఉడికించి, సంచులలో నింపి, ఇంటి చీకటి గదిలో పుట్టగొడుగులు పండించే ఇళ్లలో ఈ వర్గీకరణ మళ్లీ ప్రశ్నకు గురవుతుంది. ఎందుకంటే ఆ పంటలో మనిషి చేసే ముఖ్యమైన పని విత్తడం కాదు, కోయడం కాదు, ఆ పంట దేనిలో పుట్టాలో దాన్ని సిద్ధం చేయడం. పుట్టగొడుగు శుద్ధి దాని జాతిలో లేదనీ, దాన్ని మోసే గడ్డిలోనూ ఆ గడ్డిని సిద్ధపరచిన చేతిలోనూ ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముందుగా నిషేధాన్ని నిషేధంగానే చూడాలి. మనుస్మృతి అయిదో అధ్యాయం ద్విజులు తినకూడనివాటిని లెక్కిస్తూ వెల్లుల్లి, గృంజనం, ఉల్లి, కవకం అన్నవాటిని చెప్పి, వాటి వెంటనే అమేధ్యం నుంచి, అంటే అపవిత్రమైన చోటి నుంచి పుట్టినవాటిని కూడా చేర్చింది. అదే అధ్యాయంలో మరికొంత ముందుకు పోయాక, తెలిసి తెలిసి ఛత్రాకాన్ని తిన్న ద్విజుడు పతితుడవుతాడని మరింత కఠినంగా చెప్పింది. కవకం, ఛత్రాకం రెండూ పుట్టగొడుగులకు పేర్లు. ఆరో అధ్యాయం వానప్రస్థుడికి సైతం నేలలో మొలిచే కవకాలను నిషేధించింది. యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయంలోనూ మలంలో పుట్టినవీ కవకాలూ ఒకే పాదంలో పక్కపక్కన కనబడతాయి. ఇక్కడ రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, మనువు నిషేధం ద్విజులకు మాత్రమే ఉద్దేశించినది. తొలకరి వానలకు పొలం గట్ల మీదా పుట్టల పక్కనా మొలిచినవాటిని ఏరుకొని కూర వండుకున్న అసంఖ్యాకమైన శ్రమజీవుల కుటుంబాలతో ఆ వాక్యానికి ఏనాడూ సంబంధం లేదు, కాబట్టి దాన్ని తెలుగువారందరి సంప్రదాయంగా చెప్పడం చరిత్రకు అన్యాయం చేయడమే అవుతుంది. రెండవది, అపవిత్రమైన చోట పుట్టడాన్ని ఈ స్మృతులు పుట్టగొడుగు నిషేధానికి కారణంగా చెప్పాయా, లేక దాని పక్కన మరొక అంశంగా చేర్చాయా అన్నది ఆ వాక్యాల నుంచి తేలదు.

ఈ రెండో సందేహం చిన్నది కాదు. అపవిత్రస్థానమే కారణమైతే, స్థానాన్ని మార్చి శుభ్రమైన గడ్డిలో పెంచిన పుట్టగొడుగుకు నిషేధం వర్తించదని వాదించవచ్చు. సంప్రదాయ పండితుడు దీనికి మీమాంస నుంచి సమాధానం తెస్తాడు. జైమిని సూత్రాల మొదటి అధ్యాయం రెండో పాదంలో, చేటతో హోమం చేయాలన్న విధివాక్యాన్ని, చేటతోనే కదా అన్నం సిద్ధమవుతుంది అన్న దాని తరువాతి మాటను తీసుకొని పెద్ద విచారణ జరిగింది. అన్నం సిద్ధం చేయడమే కారణమైతే గరిటెతోనూ కుండతోనూ హోమం చేయవచ్చు గదా అని పూర్వపక్షం లేవనెత్తగా, ఆ రెండో మాట కారణం కాదు, విధిని ప్రశంసించే అర్థవాదం మాత్రమేనని సిద్ధాంతం తేల్చింది. ఈ న్యాయాన్ని ఇక్కడ అన్వయిస్తే, నిషేధానికి మనం ఊహించిన కారణాన్ని తొలగించినంత మాత్రాన నిషేధం తొలగిపోదు. శాస్త్రాన్ని ఆజ్ఞగా స్వీకరించినవారికి వేడినీటిలో ఉడికిన గడ్డి కొత్త హక్కు ఏదీ ఇవ్వదు. ఇది బలమైన వాదం, దీన్ని చులకన చేయకూడదు. అయితే ఆజ్ఞను ఆజ్ఞగా పాటించడం ఒక పని, శుద్ధి అంటే ఏమిటో తెలుసుకోవడం మరొక పని. మీమాంస మొదటిదానికి దారి చూపుతుంది గానీ రెండోదాని జోలికి పోదు.

రెండో పనికి పూనుకున్నవారు వైద్యులు. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో అన్నపానవిధిని చెప్పే నలభై ఆరో అధ్యాయం పుట్టగొడుగులను ఉద్భిదాల కింద చేర్చి, వాటిని ఆకారాన్ని బట్టి గాని రంగును బట్టి గాని కాక, అవి దేనిలో పుట్టాయన్న దాన్నిబట్టి విభజించింది: పలాలం అంటే ఎండుగడ్డిలో పుట్టినవి, చెరకులో పుట్టినవి, ఎండిన పేడలో పుట్టినవి, వెదురులో పుట్టినవి, నేలలో పుట్టినవి. గడ్డిలో పుట్టినవాటిని తియ్యనివిగా, జీర్ణమైన తరువాతా తీపిగానే పరిణమించేవిగా, రూక్షగుణం కలిగి దోషాలను శమింపజేసేవిగా ఆ గ్రంథం వర్ణించింది. పేడలో పుట్టినవీ వెదురులో పుట్టినవీ వాతాన్ని రేపుతాయంది. నేలలో పుట్టినవాటి రుచి ఆ నేలను బట్టి ఉంటుందని కూడా చెప్పింది. చరకసంహిత సర్పచ్ఛత్రకమనే రకాన్ని మాత్రం మినహాయించి, మిగిలిన ఛత్రజాతులు చలవచేసేవి, బరువైనవి, పడిసెం కలిగించేవి అని వాటి గుణదోషాలను చెప్పి ఊరుకుంది. పదహారో శతాబ్దినాటి భావప్రకాశంలో భావమిశ్రుడు వాటిని సంస్వేదజాలు, అంటే చెమ్మ నుంచీ ఉక్క నుంచీ పుట్టేవి అని పిలిచి, తెల్లగా ఉండి శుభ్రమైన చోటా కొయ్య మీదా వెదురు మీదా ఆవుల మంద దగ్గరా పుట్టినవి అంతగా దోషం చేయవనీ, తక్కినవి నింద్యమైనవనీ తేడా చూపాడు. ధర్మశాస్త్రం జాతి మొత్తాన్ని ఒక్క మాటతో తోసివేసిన చోట, వైద్యశాస్త్రం ఇది ఎక్కడ మొలిచింది అని అడిగింది. తినే వస్తువు గుణం దాన్ని పోషించిన వస్తువు గుణం నుంచి వస్తుందన్న ఈ దృష్టి శిలీంధ్రాల విషయంలో నేటి విజ్ఞానానికి చాలా దగ్గరగా ఉంది. అవి తమ ఆహారాన్ని తాము తయారు చేసుకోలేవు, తాము అల్లుకొన్న పదార్థాన్ని బయటే కరిగించి పీల్చుకుంటాయి, ఆ క్రమంలో అందులోని మంచితో పాటు విషలోహాలను కూడా తమలోకి తీసుకోగలవు.

అలా అల్లుకోవడానికి ఆధారమయ్యే పదార్థాన్నే పెంపకందారులు మాధ్యమం అంటారు. సుశ్రుతుడు చెప్పిన అయిదు మాధ్యమాలలో మొదటి రెండింటికి కృష్ణా డెల్టా పెట్టింది పేరు: ఉయ్యూరు చుట్టుపక్కల చెరకు ఉంది, వరిగడ్డి ఎక్కడ చూసినా ఉంది. 1855లో విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల కింద వరి విస్తరించింది. 1957లో దాని స్థానాన్ని ప్రకాశం బరాజు తీసుకుంది. సార్వా వరి కోతలు కార్తిక మార్గశిరాల్లో సాగే ఈ ప్రాంతంలో, కోతకు కొద్ది రోజుల ముందే నిలిచి ఉన్న చేలో మినుములు చల్లే పద్ధతి ఉన్నందున, పనలను త్వరగా కట్టి కుప్పవేసి, నూర్చిన గడ్డిని పశువుల కోసం వాములుగా వేయడం పాత క్రమం. కోత మిషన్లు వచ్చాక గడ్డి పొలంలోనే చెదిరిపోయి, దాన్ని పోగుచేసే ఖర్చు గిట్టక, కొన్నిచోట్ల నిప్పుకు ఆహుతవుతోంది. ఆ గడ్డి మీద పుట్టగొడుగులు పెంచే ప్రయోగం దక్షిణాదికి కొత్తదేమీ కాదు. ఈ డెల్టా ఇంకా మద్రాసు ప్రావిన్సులో భాగంగా ఉన్న 1943లో, కోయంబత్తూరులో థామస్, ఆయన సహచరులు వరిగడ్డి పుట్టగొడుగును సాగుచేసి చూశారు. భారతదేశంలో ఆ రకం సాగుకు అదే తొలి ప్రయత్నంగా గ్రంథస్థమైంది.

గడ్డి ఎంపికతోనే శుద్ధి విచారణ మొదలవుతుంది. ఆ ఏటి పంట గడ్డి అయి, వాన తగలక, బంగారు రంగు కోల్పోక, ముక్క వాసన లేకుండా ఉన్నది కావాలి. ఎందుకంటే ఒకసారి తడిసి ఆరిన గడ్డిలో అప్పటికే వేరే బూజులు స్థిరపడి ఉంటాయి. కంటికి కనబడని మరో అంశం ఆ చేలో చల్లిన పురుగుమందు. ప్రాచీనులు నిమిత్తదోషమన్నప్పుడు వారి మనసులో ఉన్నవి చూసి తీసివేయగలిగిన వెంట్రుక వంటివి. నేటి నిమిత్తదోషం గడ్డి పోచ లోపల దాగి, నీటితో కడిగినా పూర్తిగా పోనిది. అందుచేత గడ్డి ఎవరి పొలం నుంచి వచ్చిందో, కోతకు ముందు దాని మీద ఏమి చల్లారో తెలుసుకోవడం మడి కట్టుకోవడం కంటే ఎక్కువ శుద్ధిని ఇస్తుందనడంలో అతిశయోక్తి లేదు.

తరువాతి పనులు వినడానికి సులభమైనవి, చేయడానికి ఓపిక కావలసినవి. గడ్డిని 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలుగా నరికి, మంచినీటిలో రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని వంచివేసి, సుమారు 80 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఉన్న నీటిలో గంటసేపు ఉంచి, తీసి వాలుగా ఉన్న శుభ్రమైన గచ్చు మీదో పట్టా మీదో నీడలో ఆరబోస్తారు. పిడికిట్లో గట్టిగా పిండినప్పుడు నీటిచుక్క జారకుండా అరచేతికి తడి మాత్రం తగిలితే, అందులో తేమ దాదాపు 65 శాతం ఉన్నట్టు లెక్క. ఆ గడ్డిని పాలిథిన్ సంచిలో వరుసలుగా నింపుతూ, వరుసల మధ్య అంచుల వెంబడి స్పాన్ చల్లుతారు. స్పాన్ అంటే ఉడికించిన జొన్న గింజల మీద శిలీంధ్రాన్ని పెంచి తయారుచేసిన విత్తనం. సంచికి గాలి రంధ్రాలు చేసి చీకటి గదిలో ఉంచితే, ముత్యపుచిప్ప పుట్టగొడుగుల తెల్లని తంతువులు రెండు మూడు వారాల్లో గడ్డినంతా అల్లుకొని, ఆ తరువాత సంచిని కోసి వెలుతురూ గాలీ తేమా అందించినప్పుడు మొగ్గలు తొడుగుతాయి. ఈ రకానికి 20 నుంచి 30 డిగ్రీల ఉష్ణోగ్రత సరిపడుతుంది కాబట్టి విజయవాడలో చలికాలమే దాని కాలం. 30 నుంచి 35 డిగ్రీలలో హాయిగా పెరిగే పాల పుట్టగొడుగు వేడి నెలలకు తగినదే అయినా, నలభై దాటే ఎండల్లో దానికీ తడి గోనెల చలువ కావాలి.

ఇందులో వేడినీటి గంట దగ్గర తత్త్వచింతన ఆగి చూడదగినది ఉంది. మనుస్మృతి అయిదో అధ్యాయమే ద్రవ్యశుద్ధిని చెబుతూ, గడ్డి, కట్టె, పలాలం నీళ్లు చిలకరించడంతో శుద్ధమవుతాయనీ, ఇల్లు ఊడ్చి అలకడంతోనూ మట్టిపాత్ర తిరిగి కాల్చడంతోనూ శుద్ధి పొందుతాయనీ విధించింది. అంటే పుట్టగొడుగును తోసివేసిన అధ్యాయమే ఎండుగడ్డిని అతి తేలికగా శుద్ధమయ్యే వస్తువుల్లో లెక్కించింది. చిలకరింపుతో గడ్డికి కర్మయోగ్యత వస్తుంది; సాగుకు కావలసిన యోగ్యత వేరు. కృష్ణానది నీరు పుష్కరస్నానానికి పవిత్రమైనదే, 2016 ఆగస్టులో లక్షలాది మంది ఆ విశ్వాసంతోనే విజయవాడ ఘాట్లలో మునిగారు. అదే నీరు కాలువలో నగరం మధ్య నుంచి ప్రవహించి వచ్చినప్పుడు గడ్డి నానబెట్టడానికి పనికిరాదు. ఈ రెండు మాటల్లో ఏదీ అబద్ధం కాదు. పవిత్రత మనిషికీ దైవానికీ మధ్య ఉన్న సంబంధాన్ని చెబుతుంది, పరిశుభ్రత ఒక ప్రాణికీ దాని ఆధారానికీ మధ్య ఉన్న సంబంధాన్ని చెబుతుంది. ఒకదాన్ని రెండోదాని సాక్ష్యంతో నిరూపించబోవడమే ఈ చర్చలో తరచుగా జరిగే పొరపాటు.

అంతకంటే లోతైన విషయం, ఆ వేడి గడ్డిలోని ప్రాణకోటినంతటినీ చంపదు, చంపకూడదు కూడా. ప్రయోగశాలలో పీడనం కింద ఆవిరి పట్టి సమస్త సూక్ష్మజీవులనూ నిర్మూలించడం ఒక పద్ధతి. లూయీ పాశ్చర్ పేరు మీద పాశ్చరైజేషన్ అని పిలిచే మితమైన వేడి మరొక పద్ధతి. పూర్తిగా నిర్జీవమైన గడ్డి ఇంటి గాలి తగిలిన మరుక్షణం దిక్కులేని ఆస్తి వంటిది. ముందుగా వచ్చి పడిన ఏ సిద్ధబీజమైనా, అంటే శిలీంధ్రాలు వెదజల్లే ధూళి వంటి విత్తనమైనా, అడ్డు లేకుండా దాన్ని ఆక్రమిస్తుంది, ఆకుపచ్చ బూజుగా కనబడే ట్రైకోడెర్మా తరచుగా అలాగే చేరుతుంది. మితమైన వేడికి పోటీదారులైన బూజులు చాలావరకు నశించి, వేడిని తట్టుకునే కొన్ని బాక్టీరియాలు మిగిలి, అవి గడ్డిని కొంతకాలం కాపాడతాయి. వరిగడ్డి పుట్టగొడుగు విషయంలో పాత పద్ధతి ఇంకా తక్కువ శుద్ధిని కోరేది: గడ్డికట్టలను నీటిలో నానబెట్టి, అరలుగా పేర్చి, స్పాన్‌తో పాటు కొంచెం శనగపిండి గానీ కందిపిండి గానీ చల్లి కప్పితే చాలు, ఉక్కను కోరే ఆ శిలీంధ్రం తానే వేగంగా పెరిగి ఇతరులను వెనక్కి నెడుతుంది. కాబట్టి శుద్ధి అంటే శూన్యం కాదు. ఏ ప్రాణి రావాలో దానికి అనువుగా, రాకూడనివాటికి ప్రతికూలంగా చేసిన ఏర్పాటే శుద్ధి. వచ్చే ప్రాణిని బట్టి దాని మోతాదు మారుతుంది. అన్ని వేళలా అన్ని వస్తువులకూ ఒకే తీరున వర్తించే శుద్ధిని వెదికేవారికి ఈ గడ్డి నిరాశనే మిగులుస్తుంది.

పొయ్యి ఖర్చు తగ్గించుకోవడానికి సిఫారసు చేసే మరో మార్గం రసాయనికమైనది: 100 లీటర్ల నీటిలో 7.5 గ్రాముల కార్బెండజిమ్, 125 మిల్లీలీటర్ల ఫార్మలిన్ కలిపి, గడ్డిని 18 గంటలు మూతపెట్టి ఉంచడం. ఇది ఫలితాన్నిచ్చే పద్ధతే. అయినా పిల్లలు తిరిగే ఇంట్లో, కళ్లనూ గొంతునూ మండించే ఫార్మలిన్‌ను, బూజునాశక మందునూ వంట సరుకుల పక్కన ఉంచి, వాటితో సిద్ధపరచిన గడ్డి నుంచి శుద్ధాహారాన్ని ఆశించడం సమంజసంగా లేదు. ఇంటి మట్టుకు వేడినీరే తగినది.

వేడినీరు హింస కాదా అన్న ప్రశ్నను దాటవేయకూడదు. ఒక బానెడు గడ్డిని ఉడికించినప్పుడు లెక్కకు అందని సూక్ష్మప్రాణులు చస్తాయి. జైనసంప్రదాయం అనంతజీవాలు ఒకే దేహంలో ఉండే వస్తువులుగా భావించి పుట్టగొడుగులను వర్జించిందంటే దాని వెనుక ఉన్న సున్నితత్వాన్ని గౌరవించవలసిందే. వైదిక గృహస్థధర్మం ఈ ప్రశ్నను మరోలా ఎదుర్కొంది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ అనే అయిదింటిని మనువు గృహస్థుడి అయిదు వధ్యస్థానాలుగా చెప్పి, వాటి వల్ల అనుదినం జరిగే ప్రాణిహింసను ఒప్పుకొని, దాని పరిహారంగా పంచమహాయజ్ఞాలను విధించాడు. భూతాలకు బలి పెట్టడం, అతిథికి అన్నం పెట్టడం అందులో భాగాలు. ఈ దృష్టిలో హింస లేని వంటిల్లు లేదు, హింసను గుర్తించని వంటిల్లు మాత్రం ఉంటుంది. గడ్డి ఉడికించే బానె ఆ పొయ్యి మీదే, ఆ నీటితోనే ఉడుకుతుంది. దానికి వేరే తర్కం అక్కరలేదు.

జాతిదోషం అన్న భావానికి విజ్ఞానశాస్త్రం రెండు చిక్కులు తెచ్చిపెట్టింది. 1729లో ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు మికెలీ శిలీంధ్రాల సిద్ధబీజాలను పండు ముక్కల మీద వేసి, వాటి నుంచే ఆ జాతి శిలీంధ్రాలు తిరిగి మొలుస్తాయని చూపడంతో, ఇవి చెమ్మ నుంచి తమంత తామే పుడతాయన్న సంస్వేదజ భావనకు ఆధారం సడలింది. 1969లో విటేకర్ వీటిని మొక్కల నుంచి విడదీసి ప్రత్యేక రాజ్యంగా నిలిపాడు. జన్యు పరిశీలనలు ఇవి మొక్కల కంటే జంతువులకే దగ్గరి చుట్టాలని తేల్చాయి, వీటి కణకవచంలోని కైటిన్ రొయ్య పెంకులోనూ ఉంటుంది. శాకమా మాంసమా అన్న పాత విభజనలో ఏ వైపునా ఇవి ఇమడవు. పాత పట్టికలో లేని జాతికి పాత పట్టిక ప్రకారం దోషం నిర్ణయించడం కష్టం.

ఇక పుట్టను చూస్తే అపవిత్రస్థానమన్న వాదమే తలకిందులవుతుంది. వానాకాలంలో పుట్టల మీద మొలిచి, రుచికి పేరుపడిన టెర్మిటోమైసిస్ జాతి పుట్టగొడుగులను నిజానికి పెంచేవి చెదలు. అవి ఎండుటాకులనూ గడ్డినీ కొయ్యనూ కొరికి మింగి, సగం జీర్ణమైన ఆ పదార్థాన్ని విసర్జించి, దానితో తేనెపట్టు వంటి అరలు కట్టి, ఆ అరల మీద శిలీంధ్రాన్ని సాకి దాన్ని తింటాయి. యాజ్ఞవల్క్యుడి మాటలో చెప్పాలంటే అది మలంలో పుట్టినదే. అయితే అదే పుట్ట దగ్గర కార్తిక శుద్ధ చవితి నాడు కోస్తా జిల్లాల స్త్రీలు పాలు పోసి, చిమ్మిలి నైవేద్యం పెట్టి, పుట్టమన్నును చెవులకు అద్దుకుంటారు. పవిత్రమైన స్థానమూ అమేధ్యమైన మాధ్యమమూ అక్కడ ఒకటే వస్తువు. మనిషి గడ్డిని నరికి నానబెట్టి వేడిచేసి సాధించేదాన్ని చెదలు కోట్ల ఏళ్లుగా తమ దేహంతోనే సాధిస్తున్నాయి. ఆ పనిని మలమని తోసివేయడం కంటే పాకమని గుర్తించడం సత్యానికి దగ్గర.

ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయం చివర ఆహారశుద్ధి నుంచి సత్త్వశుద్ధి, దాని నుంచి స్థిరమైన స్మృతి కలుగుతాయని చెప్పినప్పుడు, రామానుజులు ఆహారమంటే తినే అన్నమనే తీసుకున్నారు. శంకరాచార్యులు ఇంద్రియాల ద్వారా లోపలికి చేరే విషయజ్ఞానమని తీసుకొని, రాగద్వేషమోహాలు లేకుండా దాన్ని గ్రహించడమే శుద్ధి అన్నారు. బౌద్ధుల సుత్తనిపాతంలోని ఆమగంధసుత్తం ఇంకా ముందుకు వెళ్లి, దుర్వాసన వచ్చేది తినే మాంసం నుంచి కాదు, హింస, దొంగతనం, అబద్ధం వంటి చేతల నుంచి అని బోధించింది. విజయవాడలో ఈ ప్రశ్నను అన్నింటికంటే సూటిగా అడిగినవాడు గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు. వృక్షశాస్త్రం చదివి కళాశాలల్లో బోధించిన ఆయన 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, 1947లో దాన్ని విజయవాడకు తరలించి, కులాల మధ్య సహపంక్తి భోజనాలు నడిపాడు. శుద్ధాశుద్ధాల పట్టిక మనుషులను విడదీసే సాధనంగా మారిందన్నది ఆయన ఆరోపణ. ఆ ఆరోపణలో నిజం ఉంది. ఆశ్రయదోషాన్ని కులంగా అర్థం చేసుకున్నప్పుడు అది అన్యాయానికే దారితీసింది. దాన్ని అన్నం పెట్టేవారి బాధ్యతగా అర్థం చేసుకుంటే మాత్రం అది నేటికీ అవసరమైన భావన.

ఇంద్రకీలాద్రి మీద ఆషాఢంలో దుర్గమ్మను కూరగాయలతో శాకంబరిగా అలంకరిస్తారు. ఇళ్లలో పుట్టగొడుగుల కూరను నైవేద్యం పెట్టే అలవాటు సాధారణంగా కనబడదు. ఆ అలవాటును మార్చవలసిన అవసరమూ లేదు. నైవేద్యానికి తగదని ఎంచినది ఆహారానికే తగదని అనుకోవడంలోనే తర్కదోషం ఉంది. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి అన్నాన్ని నిందించవద్దనీ దాన్ని విస్తారం చేయమనీ వ్రతాలుగా విధించినప్పుడు దేవతల అన్నానికీ మనుషుల అన్నానికీ తేడా చూపలేదు.

పెట్టే చేతి బాధ్యత ఎంతటిదో పావా నగరంలో చుందుడనే కమ్మరి ఇంట బుద్ధుడు చేసిన చివరి భోజనం చెబుతుంది. ఆ భోజనంలోని సూకరమద్దవం ఏమిటన్న దానిపై వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయానికి రాలేదు: పందిమాంసమన్నారు, పందులు తొక్కిన వెదురు మొలకలన్నారు, పందులు తొక్కిన చోట మొలిచిన పుట్టగొడుగులన్నది ఉదాన వ్యాఖ్యలో ధమ్మపాలుడు నమోదు చేసిన అభిప్రాయాల్లో ఒకటి, అయిదో శతాబ్ది ఆరంభంలో చైనా భాషలోకి వెళ్లిన దీర్ఘాగమం దాన్ని చందనవృక్షం మీది పుట్టగొడుగుగా చెప్పింది. పుట్టగొడుగులన్న ఈ అభిప్రాయాల్లో సైతం పుట్టినచోటి ప్రస్తావన లేకుండా ఆ పదార్థాన్ని గుర్తించలేకపోవడం గమనార్హం. భోజనం తరువాత తీవ్రంగా జబ్బుపడిన బుద్ధుడు, చుందుడిని ఎవరూ నిందించకూడదనీ, సంబోధికి ముందు అందిన అన్నానికీ పరినిర్వాణానికి ముందు అందిన ఈ అన్నానికీ సమాన ఫలమనీ చెప్పమని ఆనందుడిని ఆదేశించాడు. దాత ఉద్దేశం నిర్మలమైనప్పుడు ఫలితం చెడినా దాతకు దోషం లేదన్నది ఆ మాట సారం. ఇదే డెల్టాలో బౌద్ధ స్తూపావశేషాలు నిలిచిన ఘంటసాలలోనే నేడు రైతులకు శిక్షణనిచ్చే కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. చుందుడికి అందుబాటులో లేని జ్ఞానం, అంటే ఏ జాతిని ఏ గడ్డిలో ఏ విత్తనంతో పెంచారో నిశ్చయంగా చెప్పగలిగే జ్ఞానం, నేటి పెంపకందారుకు అందుతుంది. అందిన తరువాత నిర్మలమైన ఉద్దేశం ఒక్కటే చాలదు. నమ్మకమైన చోట స్పాన్ కొనడం, రంగు మారిన సంచిని పక్కన పెట్టడం, పొరుగింటికి పంపేటప్పుడు గడ్డికి ఏ శుద్ధి చేశారో చెప్పడం, బాగా ఉడికించి తినమని, మొదటిసారి తినేవారిని కొద్దిగానే తినమని చెప్పడం, ఇవన్నీ ఆశ్రయశుద్ధిలో భాగాలే.

ఆ రోజు మిగిలిన సూకరమద్దవాన్ని గొయ్యి తీసి పాతిపెట్టమని బుద్ధుడు చుందుడికి చెప్పాడు. పుట్టగొడుగుల సాగులోనూ శేషం ప్రశ్న చివరికి వస్తుంది. రెండు మూడు కోతల తరువాత సంచిలో మిగిలేది నల్లబడి మెత్తబడిన గడ్డి; శిలీంధ్రం దానిలోని లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని కొంతవరకు విడగొట్టివేసి ఉంటుంది కాబట్టి అది వానపాములకూ మట్టికీ సులువుగా లొంగుతుంది. ధర్మశాస్త్రంలో ఉచ్ఛిష్టం, అంటే తిని మిగిల్చినది, అశుద్ధాల్లో ముఖ్యమైనది. అథర్వవేదం పదకొండో కాండలోని ఒక సూక్తం మాత్రం ఆ ఉచ్ఛిష్టంలోనే లోకాలన్నీ నిలిచి ఉన్నాయని కీర్తించింది. వరి తిని మనిషి మిగిల్చిన గడ్డిని శిలీంధ్రం తిని మిగిల్చినది డెల్టా పొలానికి ఎరువుగా చేరినప్పుడు ఈ రెండు దృష్టుల్లో రెండోదే వాస్తవానికి సరిపోతుంది. ఆకుపచ్చ బూజు పట్టిన సంచులను మాత్రం వాటితో కలపకుండా, పెంపకపు గదికి దూరంగా, గొయ్యి తీసి పాతిపెట్టాలి.